నేతన్నకు వందనం సరే, చెల్లింపుల సంగతేమిటి?

సంపాదకులకు,

వ్యాపార సంస్థలు సామాజిక మాధ్యమాల్లో మంచి పనులకు మద్దతు పలకడంపై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఏ ఉద్దేశంతో పెట్టినా పోస్టు వల్ల నలుగురికీ విషయం తెలుస్తుంది కదా అన్న రచయిత మాటతో ఏకీభవించలేను.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905 నాటి స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జరుపుకుంటున్నాం. ఆ రోజు తెల్లారేసరికి బట్టల దుకాణాల పేజీల నిండా మగ్గం బొమ్మలు, నేతన్నకు వందనాలు. కిందటేడు అలాంటి పోస్టు చూసే ఒక పేరున్న దుకాణానికి వెళ్లాను. పోచంపల్లి ఇక్కత్ అని చూపించిన చీరను తిరగేస్తే లోపలివైపు రంగు వెలిసినట్టుంది. ఇక్కత్‌లో నూలుకు చిటికీ కట్టి, నేతకు ముందే రంగులద్దుతారు. డిజైను రెండువైపులా ఒకేలా కనపడాలి. వాళ్లు చూపించింది అచ్చు వేసిన గుడ్డ. ఇలాంటి వందనం నేతన్నకు నష్టమే. ఆయన పేరు చెప్పి ఆయన గిరాకీనే లాక్కుంటున్నారు.

నిజంగా అండగా నిలవాలనుకునే దుకాణదారు ఏడాదిలో ఏ చేనేత సంఘం దగ్గర ఎన్ని చీరలు కొన్నారో, ఎన్నాళ్లకు డబ్బు చెల్లించారో పోస్టులో రాయాలి. సరుకు అరువు తీసుకుని నెలల తరబడి తిప్పించుకునేవారికి ఈ రెండోది రాయడమే కష్టం. మరమగ్గం బట్టను మరమగ్గందని చెప్పి అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు. 'ఇది చేనేతేనా?' అని ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరైనా అడిగితే మాత్రం ఆ కామెంటు తీసేయకుండా జవాబివ్వాలి.

ఆగస్టు 8 నుంచి ఆ దుకాణాల పేజీల్లో ఏముంటుందో మీ విలేకరులు ఒకసారి చూసి రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, భువనగిరి