నడిగడ్డ శిస్తు... రాణి రాజదండం!

ఇటిక్యాల ఎక్కడ, హిమాలయాల ఒడిలోని రాణీఖేత్ ఎక్కడ! ఉత్తరాఖండ్‌లోని ఆ కంటోన్మెంటు ఊళ్లో కుమావూ రెజిమెంట్ మ్యూజియం ఉంది. పతకాలు, పాత తుపాకులు, చైనా సైన్యం నుంచి చేజిక్కిన రైఫిళ్లు అక్కడ కొలువుదీరి ఉంటాయి. వాటి మధ్యే, ఝాన్సీ లక్ష్మీబాయిదని చెప్పే ఓ వెండి రాజదండం. దాని వెనకున్న లెక్క మాత్రం మన కృష్ణా తుంగభద్రల నడుమ తేలుతుంది.

కుమావూ రెజిమెంట్‌కు 1945 అక్టోబరు వరకు ఉన్న పేరు ‘19వ హైదరాబాద్ రెజిమెంట్’. దాని మూలాల్లో ఒకటి 1813లో హైదరాబాద్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పెట్టించిన పటాలం. అదే పెరిగి హైదరాబాద్ కంటింజెంట్ అయింది. బొల్లారంలో, లింగసుగూరులో దానికి దండు ఉండేది. పేరు హైదరాబాద్‌ది, జీతం నిజాంది, హుకుం మాత్రం ఇంగ్లీషు దొరలది!

ఆ జీతాలు నిజాం ఖజానాకు గుదిబండ అయ్యాయి. బాకీ పేరుకుపోయింది. చివరికి 1853 ఒప్పందంతో బీరారు, నల్‌దుర్గం, రాయచూరు అంతర్వేది ప్రాంతాలను కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. అక్కడ వసూలయ్యే శిస్తుతో సైన్యం ఖర్చు గడవాలన్నది షరతు. ఆ అంతర్వేదికి తూర్పు కొసే మన నడిగడ్డ. గద్వాల సంస్థానం తన రాజుల ఏలుబడిలోనే సాగింది. కానీ పడమటి పల్లెల జొన్నచేల శిస్తు పటాలం పద్దులో పడింది. 1860లో గానీ రాయచూరు ప్రాంతం తిరిగి నిజాం చేతికి రాలేదు.

ఈ మధ్యలోనే వచ్చింది 1858. మధ్య భారతంలో తిరుగుబాటును అణచడానికి హ్యూ రోజ్ నడిపిన సేనలో కంటింజెంట్ కూడా ఉంది. ఝాన్సీ రాణి మీదికి వెళ్లిన సేన అదే. మన పిల్లలు పాఠంలో చదువుకుని పొంగిపోయే వీరనారి మీదికి నడిచిన గుర్రాల దాణాకు, దక్కను రైతు కట్టిన పన్నూ తోడైందన్నమాట!

అలాగని ఆ పటాలం కథ అక్కడితో ఆగిపోలేదు. మేజర్ సోమనాథ్ శర్మ 1942లో సైన్యంలో చేరింది ఈ హైదరాబాద్ రెజిమెంట్‌లోనే. 1947 నవంబరు 3న కశ్మీర్‌లోని బడ్గాంలో, చేతికి పిండికట్టు ఉన్నా, తూటాల మ్యాగజీన్లు నింపి జవాన్లకు అందిస్తూ నేలకొరిగారు. స్వతంత్ర భారతంలో తొలి పరమవీర చక్ర ఆయనదే. భౌతికకాయాన్ని గుర్తుపట్టింది పిస్తోలు తోలుసంచిని, జేబులోని భగవద్గీత పేజీలను చూసి! ఒకే పటాలం... ఒకచోట రాణి రాజదండం, మరోచోట పరమవీర చక్ర. రెంటినీ కలిపి చూస్తేనే చరిత్ర.

అన్నట్టు, మీ ఇంట్లో తాతగారి ట్రంకుపెట్టెలో పాత పతకం ఉందా? దాన్ని చింతపండుతో తోమకండి. అంచు మీద చాలాసార్లు సైనికుడి నంబరు, పేరు, పటాలం పేరు సన్నగా చెక్కి ఉంటాయి. రుద్దితే అరిగిపోతాయి. భూతద్దం పెట్టి చదివి, నోటుపుస్తకంలో రాసిపెట్టండి. పెద్దవాళ్లు ఉండగానే ఆ కథేమిటో అడగండి. రాణీఖేత్ దాకా వెళ్లలేకపోవచ్చు గానీ, అటక మీది పెట్టె దించడం మన చేతిలో పనే కదా!