మైదానం తెలిసినవారు కావాలి

విశ్వవిద్యాలయానికి కొత్త వైస్ చాన్స్‌లర్ ఎవరొస్తారన్న చర్చ నాలుగు రోజుల ముందు నుంచే మొదలవుతుంది. క్రీడా విభాగం డైరెక్టర్‌గా ఎవరొస్తారని అడిగే నాథుడుండడు. గోండ్‌పిప్రి, రాజురా, జివతి వంటి సరిహద్దు తాలూకాల పిల్లలకు మాత్రం ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. ఊళ్లో కబడ్డీ, ఖోఖో ఆడే పిల్ల విశ్వవిద్యాలయ జట్టు దాకా వెళ్తుందా, తాలూకా పొలిమేరలోనే ఆగిపోతుందా అన్నది చాలావరకు ఆ కుర్చీలో కూర్చునే మనిషిని బట్టే ఉంటుంది.

నాగపూర్ విశ్వవిద్యాలయం నుంచి చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలను విడదీసి 2011లో గడ్చిరోలి కేంద్రంగా గోండ్వానా విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేశారు. నాగపూర్ దాకా పోవాల్సిన బాధ తప్పింది. అయినా దూరాభారం పూర్తిగా తీరలేదు. ఉత్తరాన బ్రహ్మపురి నుంచి దక్షిణాన గోదావరి ఒడ్డున ఉన్న సిరొంచ దాకా ఒకటే విశ్వవిద్యాలయం. నడుమ వార్ధా, వాయినగంగ, ప్రాణహిత నదులు, వాటి చుట్టూ అడవులు. గడ్చిరోలిలో పొద్దున ఎనిమిదింటికి సెలక్షన్ అని నోటీసు పెడితే సిరొంచ విద్యార్థిని ముందురోజే బయలుదేరాలి. రాత్రికి ఎక్కడుండాలి? తోడు ఎవరొస్తారు? బస్సు చార్జీ ఎవరిస్తారు? వీటికి జవాబు లేకపోతే ఆట వచ్చిన పిల్ల కూడా ఇంట్లోనే ఉండిపోతుంది. ఆమె రాలేదన్న సంగతి ఏ రికార్డులోనూ కనిపించదు.

డైరెక్టర్ పదవికి అర్హతలేమిటో 2018లో యూజీసీ ప్రకటించిన నిబంధనలు చెప్పాయి. శారీరక విద్యలో పీహెచ్‌డీ, పదేళ్ల అనుభవం ఉండాలి. పోటీలు నిర్వహించినట్లు, కనీసం రెండు వారాల శిక్షణ శిబిరాలు నడిపినట్లు, జట్లను రాష్ట్ర, జాతీయ, అంతర్ విశ్వవిద్యాలయ స్థాయిలో రాణింపజేసినట్లు ఆధారాలు చూపాలి. నిబంధనలు బాగానే ఉన్నాయి. చిక్కంతా వాటిని చూసే తీరులోనే ఉంది. పీహెచ్‌డీ పట్టా ఫైల్లో కనపడుతుంది. శిబిరంలో ఎంతమంది పల్లె పిల్లలున్నారు, వాళ్లలో ఎందరు జట్టులోకి వచ్చారు అన్నది అడిగితేనే తెలుస్తుంది. ఎంపిక కమిటీలు అడగాల్సింది అదే.

కాబట్టి మొదట చూడాల్సిన గుణం వెతికే ఓపిక. 2018 మేలో చంద్రపూర్ జిల్లా గిరిజన ఆశ్రమ పాఠశాలల విద్యార్థులు ఐదుగురు ఎవరెస్టు ఎక్కారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లయినా నిండకుండానే అదే శిఖరం మీద నిలబడింది. ఆమె సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన గిరిజన బాలిక. ఈ పిల్లల్లో సత్తా అంతకుముందు లేక కాదు. అధికారులు వాళ్ల బడికి పోయి చూశారు, శిక్షణ ఇప్పించారు, ఖర్చు భరించారు. సెలక్షన్ పిల్లల దగ్గరికి పోవాలన్న ఇంగితం ఉన్న డైరెక్టర్ ఏడాదికోసారైనా ప్రతి తాలూకా కాలేజీ మెట్లెక్కుతారు.

రెండోది నిజాయతీ. మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. పేదింటి పిల్లకు అర్హమైన పోటీలో గెలిచిన పత్రం అంటే కొలువు మీద ఆశ. అందుకే దొంగ పత్రాల బెడద కూడా పుట్టింది. నకిలీ క్రీడా ధ్రువపత్రాలతో ఉద్యోగాలు కొట్టేసిన ఉదంతాలు రాష్ట్రంలో బయటపడ్డాయి. సిఫారసు ఫోనుకు లొంగి ఒక్క పేరు మార్చినా, ఆ చోటు చెమటోడ్చిన మరొకరిదే. సెలక్షన్ మార్కులు ఆ రోజే నోటీసు బోర్డు మీద పెట్టే ధైర్యం డైరెక్టర్‌కు ఉండాలి.

మూడోది ఆడపిల్లల సంగతి. మహిళా జట్టుకు మహిళా మేనేజర్, బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన మరుగుదొడ్డి, ఫిర్యాదు చేస్తే వినే కమిటీ ఉంటేనే తల్లిదండ్రులు పంపుతారు. అమెరికాలో విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపరాదని 1972లో చట్టం చేశారు. అప్పటికి అక్కడి హైస్కూళ్లలో ఆటలాడే బాలికలు మూడు లక్షల లోపే. తర్వాతి కాలంలో ఆ సంఖ్య ముప్పై లక్షలు దాటింది. అవకాశం ఇస్తే ఆడపిల్లలు వెనకాడరని ఆ అంకెలే చెబుతున్నాయి.

పరీక్షల గోల ఇంకొకటి. పోటీలు, సెమిస్టర్ పరీక్షలు ఒకే వారంలో పడితే పిల్లలు ఏదో ఒకటి వదులుకోవాలి. పరీక్షల విభాగంతో కొట్లాడైనా మరో తేదీ ఇప్పించేవారే అసలైన డైరెక్టర్. అలాగే అడ్మిషన్ రోజున ప్రతి విద్యార్థి దగ్గరా వసూలు చేసే క్రీడా ఫీజు ఏమైందో, బూట్లకెంత, ప్రయాణానికెంత, భోజనానికెంత అయిందో ఏటా బహిరంగంగా చెప్పాలి. బల్లార్‌పూర్ దగ్గర విసాపూర్ క్రీడా సముదాయంలో 2023 డిసెంబరులో జాతీయ పాఠశాలల అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అలాంటి మైదానం జిల్లాలోనే ఉన్నప్పుడు సరిహద్దు పిల్లలకు అక్కడ శిబిరాలు పెట్టించడం అయ్యే పనే.

భాష మాటకొస్తే, ఈ ప్రాంతపు పిల్లలు ఇంట్లో తెలుగో గోండో మాట్లాడతారు, కాలేజీలో మరాఠీ చదువుతారు. డైరెక్టర్‌కు అన్ని భాషలూ రావాలని ఎవరూ అనరు. ‘ఏ ఊరు బిడ్డా, ఎట్ల వచ్చినవ్’ అని అడిగించే మనసుంటే చాలు.

ఈ పదవి ఖాళీ అయిన ప్రతిసారీ అభ్యర్థిని ఒక్క ప్రశ్న అడిగితే సగం సంగతి తేలిపోతుంది: మీరు పైకి తెచ్చిన పల్లె విద్యార్థుల పేర్లు చెప్పగలరా? ఆ పేర్లు ఫైలు చూడకుండా చెప్పేవారినే ఎంపిక చేయాలి. సెనేట్ సభ్యులు, ప్రిన్సిపాళ్లు, తల్లిదండ్రులు కూడా ఆ మాట గట్టిగా అడగాలి. అడగనంత కాలం ప్రాణహిత ఒడ్డు పిల్లల ఆట ఊరి జాతరతోనే సరి.