మోనాస్టరీ బీచ్ కొత్తవాళ్లకు కాదు



కాలిఫోర్నియాలోని మాంటెరే రాతితీరంలో ఒడ్డు నుంచే డైవింగ్‌కు దిగగల చోట్ల గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే కార్మెల్ దగ్గరి మోనాస్టరీ బీచ్ రోడ్డు పక్కనే ఉంది కాబట్టి కొత్తవాళ్లకు అనువైనదని రాయడం ప్రమాదకరం.

అక్కడ ఇసుక ముతక, ఒడ్డు బాగా ఏటవాలు. అడుగు వేస్తే కాలు దిగబడుతుంది. సముద్రగర్భంలోని కార్మెల్ లోయ తీరానికి అతి దగ్గరగా రావడంతో అలల జోరు తగ్గదు; వచ్చిన అల కాళ్ల దగ్గరే విరుగుతుంది. వీపున ట్యాంకు, నడుముకు సీసం బరువులతో పడ్డ మనిషిని వెనక్కి మళ్లే నీరు లేవనివ్వదు. అందుకే ఆరితేరినవాళ్లు కూడా మాస్కు తీయకుండా, రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని మోకాళ్ల మీద పాకుతూ ఒడ్డెక్కుతారు. చూసేవాళ్లకు నవ్వొచ్చినా, ప్రాణం కాపాడేది ఆ పాకుడే. ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు మాంటెరేలోని బ్రేక్‌వాటర్ నయం. రాతికట్ట అలలను ఆపుతుంది. దాని వెంబడే ఈదితే దారి తప్పరు. చలి మాత్రం అక్కడా తప్పదు, నీళ్లు చాలావరకు 10 నుంచి 14 డిగ్రీల మధ్యే ఉంటాయి. ఇక కార్మెల్ దగ్గరి పాయింట్ లోబోస్ రిజర్వ్‌లో దిగాలంటే ముందస్తు రిజర్వేషన్, డైవింగ్ సర్టిఫికెట్, తోడుగా మరో డైవర్ ఉండాలన్న సంగతి వ్యాసంలో లేనేలేదు.

బే ఏరియాలోని మన కుర్రాళ్లు ఇలాంటివి చదివే వారాంతాల్లో బయల్దేరుతారు. మళ్లీ జాబితా వేస్తే ప్రతి చోటా ఎలా దిగాలో, ఎలా ఎక్కాలో, ఏ రోజున అసలు దిగకూడదో కూడా రాయించండి.

ఒక పాఠకుడు,
శాన్‌హోసే