కరెంటును కింద పరుచుకుని పడుకోవాలా?

మా అత్తమ్మకు చలి పెట్టదు. నేను ఆదిలాబాద్‌కు కోడలిగా వచ్చి 22 ఏళ్లయింది, అప్పటి నుంచీ ఆమె చెప్పేది ఇదే. డిసెంబర్‌లో 10 డిగ్రీల కిందికి దిగినా, పొద్దున్నే బండల మీద కాలు పెడితే జివ్వుమని నడినెత్తికెక్కినా, "నాకేం సలి పెడ్తలేదు బిడ్డా" అంటుంది. అంటూనే చేతులు కొంగులో దాచుకుంటుంది.

ఇది ఆకలి గురించి మనం చెప్పే అబద్ధం లాంటిదే. కూర తక్కువైన రోజు "నాకు ఆకలిగా లేదు, మీరు తినండి" అంటామే, అదీ ఇదీ ఒకటే. ఇంట్లో వెచ్చదనం కూడా కూరలాగే పంచుకునే వస్తువు. ముందు పిల్లలకు, తర్వాత మగవాళ్లకు, మిగిలితే మనకు.

మా ఇంట్లో రూమ్ హీటర్ ఉంది. రెండు రాడ్లది, 2000 వాట్లు. అది హాల్లో టీవీ ముందు ఉంటుంది. సాయంత్రం మూడు గంటలు వెలిగితే 6 యూనిట్లు. దాని గురించి ఇంతవరకూ ఎవరూ లెక్క అడగలేదు. అత్తమ్మ గదిలో పెడతానంటే మాత్రం ఆమే వద్దంటుంది, బిల్లు ఎక్కువొస్తుందని.

రెండేళ్ల కిందట సంక్రాంతికి ముందు, రాత్రి రెండింటికి మంచినీళ్ల కోసం లేచాను. అత్తమ్మ గది తలుపు సందులోంచి ఎర్రగా వెలుగు. తలుపు తోస్తే ఆమె మంచం మీద తల పట్టుకుని కూర్చుని ఉంది. మంచం పక్కన కుంపటి, నిండా నిప్పులు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. "తల తిరుగుతున్నది, లేవొస్తలేదు" అంది. ఇద్దరం కలిసి వరండాలోకి ఎత్తుకొచ్చి, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు మమ్మల్నే తిట్టారు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవట. ఇంకాసేపు చూడకపోతే నిద్రలోనే పోయేదన్నారు. "పొగ లేదు కదా, నిప్పులే కదా అనుకున్న" అంది అత్తమ్మ. పొగ లేకపోతే ప్రమాదం లేదని నేనూ అనుకునేదాన్నే. ఆమె పుట్టింటి పెంకుటింట్లో ఆ గాలి పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది. మా స్లాబు ఇంట్లో అద్దాల కిటికీలు వేసేస్తే ఎటు పోతుంది?

ఆ నెలలోనే కరెంటు దుప్పటి కొన్నాను. ఒక మనిషికి సరిపోయేది, 70 వాట్లు. పరుపు మీద పరిచి, పైన మామూలు దుప్పటి వేసి పడుకోవాలి. మా వారు చూసి, "ఇంట్లో గొంగళ్లు లేవా, ఈ సోకులెందుకు?" అన్నారు. అత్తమ్మ ఇంకా భయపడింది. "కరెంటు కింద పర్సుకొని పండాల్నా?"

ఆయనకు కాగితం మీద లెక్క వేసి చూపించాను. 70 వాట్లు రాత్రంతా, అంటే 8 గంటలు వేసినా అర యూనిట్ దాటి కాస్త. మన గీజర్ పావుగంట వేస్తే అయ్యే ఖర్చు దాదాపు అంతే. హీటర్ గదిలో గాలినంతా వేడి చేయాలి. మన ఇళ్లలో ఆ వేడి వెంటిలేటర్‌లోంచి, తలుపు కింది సందులోంచి పోతూనే ఉంటుంది. దుప్పటి మనిషినే వేడి చేస్తుంది. టీవీ ముందు 2000 వాట్లు అవసరమూ, ముసలి కాళ్ల కింద 70 వాట్లు సోకూ ఎలా అవుతాయో నాకిప్పటికీ అర్థం కాదు.

గొంగడి మాటకొస్తే, దాని మీద నాకు గౌరవమే. వానకూ చలికీ గొర్రెలకాపరులను కాచింది అది. కానీ గొంగడైనా బొంతైనా ఒంట్లో ఉన్న వేడిని పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. డెబ్బై దాటిన మనిషి ఒంట్లో పుట్టే వేడే తక్కువ. మూడు బొంతలు కప్పినా అత్తమ్మ పాదాలు తెల్లారేదాకా ఐసుముక్కల్లానే ఉండేవి.

అత్తమ్మ భయం మాత్రం ఉత్తది కాదు. ఆమెకు పదిహేనేళ్లుగా షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గింది. అలాంటివాళ్లకు కాలుతున్నా తెలియదు, పొద్దున లేచి చూసేసరికి బొబ్బ ఉంటుంది. వేడినీళ్ల సంచితోనూ ఇదే ప్రమాదం. అందుకని డాక్టరును అడిగే మొదలుపెట్టాం. ఆమె పడుకోవడానికి ముప్పావుగంట ముందు వేస్తాను, పడుకునే ముందు స్విచ్ ఆపి ప్లగ్ తీసేస్తాను. పైన బొంత ఉంటుంది కాబట్టి ఆ వెచ్చదనం నిద్ర పట్టేదాకా నిలుస్తుంది. అంటే రాత్రంతా కూడా కాదు, ముప్పావుగంటే! పసిపిల్లలకూ, తమంతట తాము లేచి స్విచ్ ఆపలేనివాళ్లకూ, పక్క తడిపేవాళ్లకూ ఇది వద్దు. ఇంకా, మడతపెట్టి వేయకూడదు, మీద బరువులు పెట్టకూడదు, గుండుసూదులు గుచ్చకూడదు, వైరు నలిగితే పారేయాలి తప్ప టేపు చుట్టకూడదు. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి, వేడి మరీ పెరిగితే దానంతటదే ఆగే ఏర్పాటు ఉందో లేదో అడగండి. రోడ్డు పక్కన చవగ్గా అమ్మేవాటి జోలికి పోకండి.

మొదటి వారం అత్తమ్మ పరుపును చేత్తో తడిమి, ప్లగ్ తీశానో లేదో కళ్లతో చూసుకుని కానీ పడుకోలేదు. రెండో వారంలో ఓ రాత్రి మెల్లగా, "కాళ్లు మంచిగున్నయి" అంది. ఇన్నేళ్ల నుంచీ కాళ్లు చల్లగా ఉండేవని ఆమె ఒప్పుకున్నది అదే మొదటిసారి. ఇప్పుడు ఎనిమిదిన్నర కాగానే "ఆ దుప్పటి ఏసినవా?" అని వంటింట్లోకి కేకేస్తుంది. కుంపటి మేడ మీద మందార మొక్క కింద ఉంది, మట్టి పోసుకుని.

మొన్న బజారుకెళ్లి నాకూ ఒకటి తెచ్చుకున్నాను. మా వారు ఎంతైందని అడిగారు, చెప్పాను.