రెండు పనులు, ఒకే లాప్‌టాప్: పన్ను లెక్కలో మనం ఎక్కడ?

పగలు జగదల్‌పూర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో జీతానికి పాఠాలు చెబుతాను. రాత్రి ఇంట్లో తెలుగు నుంచి హిందీకి అనువాదాలు చేస్తాను. రెండు పనులకూ ఒకటే లాప్‌టాప్. పన్ను చట్టం మాత్రం దాన్ని రెండు రకాలుగా చూస్తుంది.

జీతగాడిగా నేను పాఠం కోసం కొన్న పుస్తకం, పెట్టుకున్న బస్సు ఛార్జీ లెక్కలోకి రావు. ఎంత ఖర్చయినా అందరికీ ఒకటే స్టాండర్డ్ డిడక్షన్: పాత పద్ధతిలో 50,000, కొత్త పద్ధతిలో 75,000 రూపాయలు. అనువాదకుడిగా అయితే నెట్ బిల్లు, నిఘంటువులు తీసేయగా మిగిలినదే ఆదాయం. లాప్‌టాప్ మీద ఏటా 40 శాతం తరుగుదల కూడా ఉంది, కానీ అనువాదానికి వాడిన వంతు వరకే. అనువాదంలో నష్టం వస్తే దాన్ని జీతంలోంచి తీసివేయనివ్వరు.

బాబాసాహెబ్ కూడా ఇలా రెండు పడవల్లో ప్రయాణించినవారే. బరోడా కొలువు వదిలి బొంబాయి వచ్చి పెట్టుబడుల సలహా వ్యాపారం పెడితే, అంటరానివాడని తెలిసి ఖాతాదారులు వెళ్లిపోయారు. తర్వాత వకాలతు చేస్తూనే బాట్లిబోయ్ అకౌంటెన్సీ సంస్థలో వాణిజ్య చట్టం బోధించారు. కులం తెచ్చిన నష్టానికి ఏ ఖాతా పుస్తకంలోనూ పద్దు లేదు.

ఖర్చు 'పూర్తిగా, ప్రత్యేకంగా' వ్యాపారానికే అయి ఉండాలంటుంది చట్టం. వేరే గది, వేరే ఫోను, ప్రతి దానికీ బిల్లు ఉన్నవాడికి అది సులువు. వంటింటి మూలే ఆఫీసు అయిన మనం ఏం చూపించాలి?

నాతో పనిచేసే ఆదివాసీ మిత్రుడు సెలవుల్లో డోక్రా బొమ్మలు అమ్ముతాడు. ఈశాన్యంలోని ఆరో షెడ్యూలు ప్రాంతాల గిరిజనులకు అక్కడ సంపాదించిన ఆదాయంపై పన్ను మినహాయింపు ఉంది. బస్తర్ ఐదో షెడ్యూలులో ఉంది కనుక ఇతనికి లేదు. సంతలో కొన్న మైనానికి, ఇత్తడికి బిల్లులెక్కడివి? అందుకే అంచనా ఆదాయ పద్ధతి ఇతనికి నయం. నగదు అమ్మకాల్లో 8 శాతం, డిజిటల్ చెల్లింపుల్లో 6 శాతం లాభంగా చూపితే చాలు. ఆపైన ఖర్చులు మళ్లీ అడగకూడదు.

నా సంగతి వేరు. అనువాద రుసుములో 10 శాతం టీడీఎస్ కోసేవారు. నా మొత్తం ఆదాయం మీద పన్నే పడదు, రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వచ్చేది. వేయాలని తెలియక రెండేళ్లు వదిలేశాను. మా ఇంట్లో రిటర్న్ వేసినవాడు నాకు ముందు ఎవరూ లేరు.

పన్ను తెలివి కూడా వారసత్వంగా వచ్చే ఆస్తే. అది లేని పిల్లలు మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తూ, ట్యూషన్లు చెబుతూ, గెస్ట్ లెక్చరర్లుగా బతుకుతున్నారు. ప్రతి ఎస్సీ, ఎస్టీ సెల్ ఏడాదికొకసారైనా రిటర్న్ వేయడం నేర్పాలి. అంతవరకు మీరే ఒక నోటుబుక్కు పెట్టుకోండి, బిల్లులు దాచుకోండి. కోసుకున్న మన కష్టార్జితాన్ని అడగకుండా ఎవరూ తిరిగి ఇవ్వరు.