హైబ్రిడ్ కార్ల కుదుపు: లోపం జపాన్‌లో, భారం దక్షిణాసియాపై

జపాన్ రోడ్లపై కొన్నేళ్లు తిరిగి, ఓడలెక్కి హంబన్‌టోట, కరాచీ, చిట్టగాంగ్ రేవుల్లో దిగిన పాత హైబ్రిడ్ కార్లు దక్షిణాసియా మధ్యతరగతికి పెట్రోలు ఖర్చు తగ్గించే వరంగా కనిపించాయి. కొత్త కారు కొనలేని కుటుంబం కూడా ఎత్తైన, విశాలమైన స్పోర్ట్స్ యుటిలిటీ వాహనాన్ని సొంతం చేసుకునే అవకాశం వీటివల్లే కలిగింది. అయితే నిదానంగా సాగే ట్రాఫిక్‌లో బండి కుదుపునివ్వడం, ఘాట్ రోడ్డుపై గేరు ఆలస్యంగా పడటం, ట్రాన్స్‌మిషన్ వేడెక్కిందన్న హెచ్చరిక ఎదుట వెలగడం ఈ వాహనాల్లో ఒక తరగతికి చెందిన వాటి యజమానులను ఏళ్ల తరబడి వేధిస్తున్న సమస్యలు. ఈ లోపం మూలాలు తయారీ దేశంలోనే బయటపడినప్పటికీ, దాని మూల్యం చెల్లిస్తున్నది మాత్రం రెండో, మూడో యజమాని కావడం గమనార్హం.

ఏడాదిలో అయిదు రీకాల్‌లు

ఈ వ్యవహారంలో ప్రధానంగా చెప్పుకోవలసినది హోండా సంస్థ వెజెల్ హైబ్రిడ్. 2013 సెప్టెంబరులో జపాన్ విపణిలోకి వచ్చిన మూడో తరం ఫిట్ కారులోని యంత్రాంగాన్నే కొద్ది మార్పులతో అమర్చి, అదే ఏడాది డిసెంబరులో వెజెల్‌ను విడుదల చేశారు. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిను, ఒక విద్యుత్ మోటారు, ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్ ఇందులోని ప్రధాన భాగాలు. ఫిట్ హైబ్రిడ్ రోడ్డెక్కిన నెల రోజులకే, అంటే 2013 అక్టోబరులో, తొలి రీకాల్ వెలువడింది. డిసెంబరులో రెండోది వచ్చింది. 2014 ఫిబ్రవరిలో వెజెల్ సహా సుమారు 81 వేల వాహనాలను వెనక్కి పిలిపించారు. ట్రాన్స్‌మిషన్‌ను నడిపించే కంప్యూటర్ ప్రోగ్రాములోని లోపంవల్ల గేరు పడటం ఆలస్యమై, బండి కదలకుండా నిలిచిపోయే ప్రమాదం ఉందన్నది దీనికి కారణం. జులైలో సుమారు 1 లక్షా 75 వేల వాహనాలు మరోసారి సర్వీసు కేంద్రాలకు వెళ్లవలసి వచ్చింది. ఈసారి లోపం బండి అనూహ్యంగా వేగం పుంజుకోవడానికి దారితీసేది.

2014 అక్టోబరులో అయిదో రీకాల్ జరిగింది. దాని పరిధిలోకి వచ్చిన వాహనాలు 4 లక్షల 25 వేల పైచిలుకు. ఈ సారి లోపం ట్రాన్స్‌మిషన్‌ది కాకపోయినా, ఏడాది వ్యవధిలో అయిదుసార్లు వినియోగదారులను పిలిపించవలసి రావడం సంస్థ ప్రతిష్ఠను దెబ్బతీసింది. అప్పటి అధ్యక్షుడు తకనోబు ఇతో మూడు నెలలపాటు తన జీతంలో 20 శాతం కోతకు సిద్ధపడ్డారు. ఇతర ఉన్నతాధికారులు 10 శాతం వదులుకున్నారు. 2020లో ఫిట్, 2021లో వెజెల్ కొత్త తరానికి మారినప్పుడు డ్యుయల్ క్లచ్ పద్ధతికి స్వస్తి చెప్పి, రెండు మోటార్ల హైబ్రిడ్ విధానాన్ని చేపట్టారు. అప్పటికే అమ్ముడైన పాత తరం వాహనాలు మాత్రం ఓడలపై దేశాంతరాలకు తరలిపోయాయి.

కుదుపు ఎక్కడ పుడుతుంది?

డ్యుయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్‌లో పేరుకు తగినట్లే రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లకు, రెండోది సరి గేర్లకు. ఒక గేరులో బండి నడుస్తుండగానే తర్వాతి గేరును సిద్ధం చేసి ఉంచడం ఈ పద్ధతిలోని సుగుణం. వెజెల్‌లో విద్యుత్ మోటారును బేసి గేర్ల షాఫ్టుకు జోడించారు. బండి సాధారణంగా మోటారు బలంతో కదిలి, అవసరమైనప్పుడు ఇంజిను వచ్చి చేరుతుంది. ఈ కలయిక నున్నగా జరగాలంటే క్లచ్ పళ్లెం ఏ స్థానంలో పట్టు అందుకుంటుందో కంప్యూటరుకు కచ్చితంగా తెలిసి ఉండాలి. పళ్లెం అరిగే కొద్దీ ఆ స్థానం జరుగుతూ ఉంటుంది. ప్రోగ్రాము పాతదైనా, లెక్క తప్పినా ఫలితం కుదుపే.

వాతావరణం, రహదారి పరిస్థితులు ఈ సమస్యను తీవ్రతరం చేస్తాయి. ఇందులోని క్లచ్‌లు పొడి రకానికి చెందినవి. ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌లకు లభించే చల్లదనం వీటికి లభించదు. బ్యాటరీ చార్జింగు తగ్గిన సమయంలో అడుగడుగునా ఆగుతూ వెళ్లవలసి వస్తే, ఇంజినే క్లచ్‌ను సగం పట్టులో ఉంచి బండిని ఈడ్వవలసి ఉంటుంది. ఆ రాపిడి వేడిని పుట్టిస్తుంది. కొలంబో, ఢాకా నగరాల సాయంకాలపు రద్దీ, క్యాండీ, ముర్రీ కొండదారులు ఈ యంత్రానికి కఠిన పరీక్షలు కావడంలో వింత లేదు.

పొడి డ్యుయల్ క్లచ్‌లతో తంటా ఒక్క హోండాకే పరిమితం కాదు. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 2013 మార్చిలో చైనాలో 3 లక్షల 84 వేలకు పైగా కార్లను ఇదే తరహా ట్రాన్స్‌మిషన్ లోపంపై రీకాల్ చేయవలసి వచ్చింది. ఆ దేశ ప్రభుత్వ టెలివిజన్ వినియోగదారుల దినోత్సవ కార్యక్రమంలో ఈ విషయాన్ని బయటపెట్టిన తర్వాతే ఆ చర్య జరిగిన సంగతి ఇక్కడ ప్రస్తావనార్హం.

అన్ని కుదుపులూ ఒకటి కావు

హైబ్రిడ్ కారు కుదిపిందంటే గేరుబాక్సు పోయిందని నిర్ధారించడం తొందరపాటే అవుతుంది. టయోటా హైబ్రిడ్‌లలో ఒక గేరునుంచి మరో గేరుకు మార్చే క్లచ్‌లే ఉండవు. ఇంజిను, రెండు మోటార్ల బలాన్ని ఒక గ్రహచక్ర గేరు సముదాయం కలుపుతుంది. అటువంటి బండి కుదిపితే అనుమానం ముందుగా ఇంజినుపైకి వెళ్లాలి. ఇంజిను ఆగి తిరిగి అందుకునే క్షణంలో వచ్చే కుదుపునకు అరిగిన ఇంజిన్ మౌంట్లు, పొగను తిరిగి లోపలికి పంపే మార్గంలో పేరుకున్న మసి, హెడ్ గాస్కెట్ చెడి సిలిండరులోకి కారే కూలెంటు వంటివి కారణాలు కావచ్చు. బలహీనపడిన హైబ్రిడ్ బ్యాటరీవల్ల కూడా ఇంజిను మాటిమాటికీ ఆగి, మొదలవుతుంది.

అందువల్ల కుదుపు ఎప్పుడు వస్తున్నదో గుర్తించడం మొదటి మెట్టు. బండి చల్లగా ఉన్నప్పుడా, అరగంట నడిచి వేడెక్కిన తర్వాతా, ఇంజిను అందుకునే వేళా, లేక గేరు మారే వేళా అన్న తేడా సగం సమాధానం చెబుతుంది. రెండో మెట్టు 12 వోల్టుల సాధారణ బ్యాటరీ పరీక్ష. ఇది నీరసిస్తే నియంత్రణ పరికరాలు తప్పుడు సంకేతాలు ఇచ్చే అవకాశం ఉంది. పిమ్మట స్కానరుతో లోపాల కోడ్‌లు చదవాలి. అమ్మే ముందు కోడ్‌లను చెరిపివేయడం కొందరు వ్యాపారులకు అలవాటు కనుక, చెరిపిన తర్వాత బండి ఎంత దూరం నడిచిందో కూడా చూసుకోవాలి.

అటుపైన, చాసిస్ నంబరు ఆధారంగా జపాన్‌లో ఆ వాహనంపై రీకాల్ ఉన్నదీ లేనిదీ, ఉంటే ప్రోగ్రాము మార్పిడి జరిగిందీ లేనిదీ తేల్చుకోవాలి. వెజెల్ హైబ్రిడ్ అయితే చాసిస్ నంబరు ఆర్‌యూ3 లేదా ఆర్‌యూ4తో మొదలవుతుంది. ప్రోగ్రాము సరిగానే ఉంటే క్లచ్‌ను కదిలించే యాక్చుయేటర్, దానిలోని ద్రవం చూసి, క్లచ్ పట్టు స్థానాన్ని కంప్యూటరుకు తిరిగి నేర్పించాలి. ఇవన్నీ విఫలమైనప్పుడే క్లచ్ పళ్లేలు మార్చాలి. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ముందే గేరుబాక్సు విప్పించుకున్నవారు ఖర్చు పెట్టి కూడా కుదుపుతోనే తిరిగివస్తున్నారు. నారింజ రంగు తీగల్లో వంద వోల్టులకు మించిన విద్యుత్తు ప్రవహిస్తుంది కనుక శిక్షణ లేనివారు వాటిని తాకరాదు.

విధానాల్లో వెలితి

యంత్రం సంగతి అలా ఉంచితే, అసలు ప్రశ్న బాధ్యతకు సంబంధించినది. రీకాల్ నోటీసు జపాన్‌లో నమోదైన యజమానికి చేరుతుంది. బండి వేలంలో అమ్ముడై ఎగుమతి అయితే ఆ నోటీసు దాని వెంట రాదు. కొనుగోలుదారులు నమ్ముకునే వేలం పత్రం బండి పైపూత, లోపలి అలంకరణ, నడిచిన కిలోమీటర్ల వివరాలు చెబుతుందేగాని, ఎండలో గంటసేపు ట్రాఫిక్‌లో నడిపితే క్లచ్ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పదు. దిగుమతిదారు తాను అమ్మకందారునేనంటాడు. స్థానిక అధీకృత డీలరు ఇది తాను అమ్మిన బండి కాదంటాడు.

ప్రభుత్వాలు మాత్రం హైబ్రిడ్‌లను ప్రోత్సహించడంలో వెనుకబడలేదు. పాకిస్తాన్ 2013లో 1,201 నుంచి 1,800 సీసీ వరకు గల హైబ్రిడ్‌లపై సుంకాల్లో సగం తగ్గించింది. ఆ దేశం 2025 సెప్టెంబరులో అయిదేళ్ల లోపు పాత కార్లను 40 శాతం అదనపు సుంకంతో వాణిజ్యపరంగా దిగుమతి చేసుకునేందుకు ఆమోదం తెలిపింది. బంగ్లాదేశ్ అయిదేళ్ల వయోపరిమితిని పాటిస్తూ వచ్చింది. అయితే వయసుకు విధించిన పరిమితి రీకాల్‌కు ప్రత్యామ్నాయం కాజాలదు. అయిదో ఏటనే కాదు, తొలి ఏటనే రీకాల్ అయిన వాహనాలు ఉన్నాయని వెజెల్ ఉదంతం రుజువు చేసింది.

శ్రీలంక అనుభవం మరింత కఠినమైనది. విదేశీ మారకద్రవ్య కొరత మూలంగా ఆ దేశం 2020 మార్చిలో వాహనాల దిగుమతిని నిలిపివేసింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణాల చెల్లింపు ఆగిపోయింది. డాలరుకు 200 రూపాయల చొప్పున ఉన్న మారకం విలువ కొద్ది నెలల్లోనే 360 దాకా క్షీణించడంతో విడిభాగాల ధరలు మండిపోయాయి. వ్యక్తిగత వాహనాల దిగుమతికి 2025 ఫిబ్రవరిలో గాని తిరిగి అనుమతి లభించలేదు. ఈ మధ్యకాలంలో కొత్త బండి రాక, ఉన్న బండిని వదులుకోలేక జనం పాత హైబ్రిడ్‌లనే నెట్టుకొచ్చారు. వాటి విలువ తగ్గవలసింది పోయి పెరిగింది. తత్ఫలితంగా నేడు చేతులు మారుతున్న వెజెల్‌లలో పదేళ్లు దాటినవీ ఉన్నాయి.

భారత్‌కు పాఠం

భారత్‌లో పరిస్థితి భిన్నం. తయారై మూడేళ్లు మించరాదన్న నిబంధన, భారీ సుంకాల మూలంగా పాత కార్ల దిగుమతి ఇక్కడ దాదాపు లేనట్లే. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్ వంటి హైబ్రిడ్‌లు 2022లో రంగప్రవేశం చేశాయి. వీటిలో ఉన్నది గ్రహచక్ర గేరు విధానమే కనుక డ్యుయల్ క్లచ్ బెడద లేదు. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీ ఉంది. తొలి విడత బండ్లు ఇప్పుడిప్పుడే రెండో యజమాని చేతికి వెళుతున్నాయి.

చట్టం కూడా ఉంది. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం కింద, లోపభూయిష్టమైన వాహనాలను రీకాల్ చేయవలసిందిగా ఆదేశించే అధికారం ప్రభుత్వానికి సంక్రమించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం తయారీదారుతోపాటు దిగుమతిదారు కూడా బాధ్యుడే. 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే ఈ నిబంధనలు ఏడేళ్లలోపు వాహనాలకే వర్తిస్తాయి. పాత బండ్ల విపణికి చేరే నాటికి ఆ గడువులో కొంత భాగం ఎలాగూ గడిచిపోతుంది.

పాత బండి చేతులు మారే ప్రతిసారీ రిజిస్ట్రేషన్ బదిలీకి రవాణా కార్యాలయం గడప తొక్కక తప్పదు. పెండింగులో ఉన్న రీకాల్ వివరాలను ఆ దశలోనే చాసిస్ నంబరుతో సరిచూసి, కొనుగోలుదారుకు తెలియజేసే నియమం పెడితే అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం. రేవులో దిగే బండికి కొలంబో, కరాచీ, ఢాకా కస్టమ్స్ అధికారులు అదే తనిఖీ జరిపించవచ్చు. సుంకం లెక్కకు చాసిస్ నంబరు ఎలాగూ చూస్తున్నారు. అదే నంబరుతో రీకాల్ జాబితాను కూడా చూస్తే, కుదుపు సంగతి బండి కొన్న తర్వాత గాక ముందే తెలుస్తుంది.