అంతర్జాల విలాసము

ఉత్తరముపై విలాసము వ్రాయు పద్ధతిని పాఠశాలలలో నేర్పుట చిరకాలపు ఆచారము. పేరు, వీధి, గ్రామము, జిల్లా వరుసగా వ్రాసినగాని ఉత్తరము గమ్యము చేరదు. అంతర్జాలములోని ప్రతి పుటకును అట్టి విలాస మొకటి కలదు. దానిని చదువ నేర్చుటయు నేటి అక్షరాస్యతలో భాగమే. కాని విద్యావంతులు సైతము పెక్కుమంది విలాసమును చూడకయే లంకెను నొక్కుచున్నారు.

ఈ విలాసమునకు ముఖ్యభాగములు మూడు. మొదటిది 'హెచ్‌టీటీపీఎస్'. ఇది సమాచారము ప్రయాణించు పద్ధతిని తెలుపును. చివరి 'ఎస్' అను అక్షరము, త్రోవలో ఇతరులు చదువకుండ సమాచారము గూఢలిపిలో పోవునని సూచించును. రెండవది డొమైను, అనగా స్థలనామము. ఈ పేర్ల ఏర్పాటును 1983లో పాల్ మొకాపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించెను. మూడవది, స్థలనామము పిమ్మట ఏటవాలు గీతతో మొదలగు దారి. అది ఇంటిలోని గదిని, గదిలోని బీరువాను చూపినట్లు, కావలసిన పుటను చూపును.

స్థలనామమును కుడినుండి ఎడమకు చదువవలెను. 'ఏపీ.గవ్.ఇన్' అను పేరులో 'ఇన్' భారతదేశమును, 'గవ్' ప్రభుత్వమును, 'ఏపీ' ఆంధ్రప్రదేశమును తెలుపును. మోసగాడు ఈ మాటలనే ముందుంచి, వాని వెనుక తన పేరును, 'కామ్' అను తోకను తగిలింపవచ్చును. అప్పుడా స్థలము ప్రభుత్వమునది కాదు, మోసగానిదే. ఎడమవైపు మాటలను మాత్రమే చూచి నమ్మినవాడు తన ధనమును పోగొట్టుకొనును.

తాళపు గుర్తు కనిపించిన చాలునని కొందరందురు. అది సరికాదు. దొంగయు తన యింటికి తాళము వేసికొనును. 'ఎస్' అను అక్షరము త్రోవ భద్రమని చెప్పునేగాని, ఆవలి మనిషి సజ్జనుడని చెప్పదు.

ఈ ప్రమాదమును గుర్తించియే 2025లో భారతీయ రిజర్వు బ్యాంకు, దేశములోని బ్యాంకులు ఆ యేడు అక్టోబరు 31లోపల 'బ్యాంక్.ఇన్' అని ముగియు విలాసములకు మారవలెనని ఆదేశించెను. ఆ ఏర్పాటు మంచిదే. కాని విలాసపు చివరను చూడనివానికి దానివలన ప్రయోజనమేమి?

కావున విలాసమును చదువుట పాఠశాలలోనే నేర్పవలెను. ఇందుకు గొప్ప యంత్రజ్ఞానము అక్కరలేదు. ఒక నల్లబల్ల, ఒక గంట కాలము చాలును. నేర్చిన విద్యార్థి తన యింటి పెద్దలకును నేర్పవలెను. నొక్కుటకు క్షణము పట్టును. పోయిన సొమ్మును తిరిగి రాబట్టుట దుర్లభము.